ధరించినవారి లోపం

వకుళకు ఎదురుగా కూర్చున్న మనిషికి మొహం లేదు. రెండు చెవులున్నాయి. చెవుల పైన నెరిసిన జుట్టుంది, కింద చొక్కా కాలరుంది. వాటి మధ్య, కాగితం మీద నీళ్ళు పడి చెదిరిన సిరాలాంటి బూడిదరంగు మరక. ఆ మరకలోంచి గొంతు వచ్చింది.

"దీన్ని ఎందులో వెయ్యాలో తేలట్లేదమ్మా. అదీ తంటా."

ఆ గొంతు సన్యాసిరావుది. రేవు దగ్గరి సుంకాల ఆఫీసులో ఆయన పని ఒకటే. బయటి దేశాల నుంచి దిగిన వస్తువు ఏ జాతికి చెందుతుందో, ఏ శీర్షిక కిందికి వస్తుందో తేల్చడం. ఆయన తేల్చాకే ఏదైనా గేటు దాటుతుంది.

"కళ్ళద్దాల్లో వేసెయ్యండి సార్," అంది వకుళ వెనకాల నిలబడ్డ అలివేలు. అలివేలు వకుళకు అక్క. ఈ ఊళ్ళో ఆమె గొంతు వినని వాళ్ళు తక్కువ. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో చెబుతుంది.

"కళ్ళద్దాలంటే గాజు కదా తల్లీ. గాజుకి ఆకలెయ్యదు. దీనికి ఏదో ద్రవం పట్టాలంట, చల్లగా ఉంచాలంట. బతికున్న కణాలున్నాయి కదా, చేపలూ రొయ్యలూ ఉన్న అధ్యాయంలో వేసీద్దాం సార్ అన్నాడు మా జూనియరొకాయన."

"రొయ్యలైతే రేపటికి కుళ్ళిపోతాయని ఇవాళే వదిలేస్తారేమో. అలాగే రాసుకోండి, మాకేం అభ్యంతరం లేదు."

సన్యాసిరావు నవ్వాడు. అలివేలు కూడా నవ్వింది, కానీ ఆ నవ్వు కొంగు వెనకనుంచి వచ్చినట్టు మూసుకుపోయి వినిపించింది. వకుళ నవ్వలేదు. తనవైన రెండు కళ్ళు ఆ గోడ అవతల శీతల గదిలో, తెల్లటి పెట్టెలో పడి ఉన్నాయి. వాటిని పెట్టుకోకపోతే అవి చచ్చిపోతాయి. చచ్చిపోయేలోపల తనని మరిచిపోతాయి.

సన్యాసిరావు ఓపికగా వివరించాడు. ఉన్న దారులు రెండు. సుంకాల శాస్త్రంలో ఒక వాక్యం ఉంది: ధరించినవారి లోపాన్ని పూరించు పరికరము. చెవిటి మిషన్లు, కొయ్యకాళ్ళు, ఇలాంటివన్నీ ఆ వాక్యం నీడలో గేటు దాటి వెళ్ళిపోతాయి. ఇది కూడా అందులోకి వస్తే వకుళ పెట్టె పట్టుకుని ఇంటికి పోవచ్చు. కాకపోతే ఇది బొమ్మలు పుట్టించే యంత్రం. వాటికి అనుమతి సంస్థలకే ఇస్తారు, మనుషులకివ్వరు. పెట్టె వచ్చిన దారినే తిరిగిపోతుంది.

"మొదటిసారి ఎలా వచ్చిందమ్మా మరి?"

"డాక్టరుగారు చిన్న డబ్బాలో పెట్టి మెడలో వేసుకొచ్చి ఇచ్చారు. పరీక్షకని. ఎవరూ ఏమీ అడగలేదు."

"మెడలో వస్తే ప్రయాణికుడి సామాను. పెట్టెలో వస్తే సరుకు," అన్నాడు సన్యాసిరావు. "సరుక్కి పేరుండాలి."

*

వకుళ చూపు ఒక్కసారిగా పోలేదు. అంచులు మిగిల్చి నడుమ నుంచి పోయింది. దేన్ని చూడాలనుకుంటే అదే మాయమయ్యేది, అక్కర్లేనివన్నీ చుట్టూ నిలిచేవి. మనిషిలో దేని మీద మనసు పెడితే దాన్నే తీసుకుపోయే రోగం ఇదని ఆమెకు అనిపించేది. పైగా ఆమె బతుకుతెరువు ప్రూఫులు దిద్దడం. భుజంగం గారి ప్రెస్సులో ఒక మూల బల్ల, ఎర్రసిరా పెన్ను, తడి ఆరని కాగితాల వాసన. అచ్చులో పొల్లు తప్పితే ఆమెకు చొక్కాకి గుండీ ఊడినట్టు దూరం నుంచే తెలిసేది. ఆ పని పోయాక ఆమె ఇంట్లో కూర్చుని, కనిపించని మధ్యలోకి చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు డాక్టర్ పరాంకుశం వచ్చాడు. ఎక్కడో చలిదేశంలో చిన్న ప్రయోగశాల ఆయనది. అందరి కళ్ళల్లోనూ ఒక గుడ్డి చుక్క ఉంటుందనీ, మెదడు దాన్ని చుట్టుపక్కల రంగులతో పూడ్చి మనకు తెలియకుండా దాచేస్తుందనీ ఆయన చెప్పాడు. కనురెప్పల కింద పెట్టుకునేలా తను పెంచిన కణాల పొర కూడా ఆ పనే చేస్తుంది, కాస్త పెద్ద ఎత్తున. సగం చూస్తుంది. మిగతా సగం అంచుల్ని బట్టి ఊహించి, ఖాళీలో అతికిస్తుంది. ఎవరు పెట్టుకుంటే వాళ్ళ చూపుని నేర్చుకుంటుంది. దానికి ఆయన పూరణి అని పేరు పెట్టాడు.

పెట్టుకున్న రోజు వకుళ మొదట అక్క మొహం చూసింది. చాలాసేపు చూసింది. అలివేలు సిగ్గుపడి, "ఏటే అలగ చూస్తావు, పెళ్ళిచూపులా?" అంది. వెడల్పాటి నుదురు, కుడి కనుబొమ మధ్య చిన్నప్పటి గాటు, నవ్వితే కిందికి లాగే పెదవి. ఆ తరవాత ఏడాది పొడుగునా వకుళ ఆ మొహాన్ని కళ్ళతో తింది. అలివేలు డ్యూటీకి వెళ్ళేముందు వక్కపలుకు బుగ్గన పెట్టుకుని, గొంతు తడారకుండా ఉండాలి కదా అంటూ, చెల్లెలి ముందుకు వంగి అడిగేది.

"ఎలా ఉన్నానే?"

"ఎప్పట్లాగే."

అది ఇద్దరికీ అలవాటైన మాట. గడియ వేసుకున్నట్టు దాన్ని చెప్పుకుని, అక్క బస్టాండుకీ చెల్లెలు ప్రెస్సుకీ పోయేవాళ్ళు.

ప్రెస్సులో మొదటి నెలలన్నీ పండగలా గడిచాయి. తరవాత భుజంగం గారు ఆమె బల్ల దగ్గరికి రావడం ఎక్కువైంది. ఒకరోజు పచ్చళ్ళ పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. అప్పటికే కట్టలు కట్టలుగా అచ్చయిపోయింది.

"ఇక్కడ ఏముందో చదవమ్మా."

"ఉప్పు తగినంత వేసి కలిపి, మూడో రోజు తిరగ్గలపాలి."

"ఇంకోసారి చూడు."

"ఉప్పు తగినంత."

"నిప్పమ్మా. నిప్పు తగినంత. ఊరందరి చేతా ఆవకాయలో నిప్పు పోయిస్తున్నాం." ఆయన తిట్టలేదు. అదే వకుళకు ఎక్కువ భయమేసింది. "నీకు చూపు లేనప్పుడు నయం. తప్పుంటే కనబడట్లేదని చెప్పేదానివి. ఇప్పుడు అన్నీ కనబడుతున్నాయంటున్నావు, తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే వెళ్ళిపోతున్నాయి."

పొర ఎండిపోతోందని వకుళ అనుకుంది. యంత్రం పాడయితే బాగుచేయించుకోవాలి. పూరణిని తీసి చల్లపెట్టెలో పెట్టి పరాంకుశానికి పంపింది. ఆయన ఫోన్ చేశాడు.

"పరీక్షలన్నీ చేశామమ్మా. దోషమేమీ లేదు. నిజానికి ఇంకా బాగా నేర్చుకుంది. మళ్ళీ పంపిస్తున్నాను."

బాగా నేర్చుకుంది అన్న మాట దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగింది. కానీ ఆగితే ఏదో కనబడుతుందనిపించి ముందుకు వెళ్ళిపోయింది.

*

పరీక్ష రోజున శీతల గది నుంచి పెట్టె తెచ్చి సన్యాసిరావు బల్ల మీద పెట్టారు. ఆయన ముందర వకుళ దాన్ని పెట్టుకుంది. కనురెప్పల వెనక చల్లగా తడి తగిలింది. మరక అంచులు వణికాయి, లోపలికి ముడుచుకున్నాయి, పోయాయి.

సన్యాసిరావుకి మొహం వచ్చింది. ముక్కు మీద మశూచి గుంటలాంటి మచ్చ, గడ్డం కింద కత్తి దాటిపోయిన నాలుగు వెంట్రుకలు. ఆమె ఊహించుకున్నదానికన్నా అలసిపోయిన మనిషి.

"కనిపిస్తున్నానా?"

"గడ్డం సరిగ్గా గీసుకోలేదు మీరు."

ఆయన చెయ్యి గడ్డానికి పోయింది. నవ్వుకుంటూ ఆ రోజు పేపరు ఇచ్చాడు. వకుళ గడగడా చదివింది. రంగులు చెప్పింది. కిటికీలోంచి కనిపించే ఓడ మీది రాత చదివింది. ఆయన సంతృప్తిగా తలాడించి రాయడం మొదలుపెట్టాడు. వకుళ వెనక్కి తిరిగి, ఎన్నో వారాల తరవాత అక్కను చూసింది. అలివేలు కొంగు దించి సీసాలో నీళ్ళు తాగుతోంది. వెడల్పాటి నుదురు, గాటు, కిందికి లాగే పెదవి. ప్రాణం లేచొచ్చింది.

సన్యాసిరావు తలెత్తి మర్యాదకి అన్నట్టు అడిగాడు. "అక్కగారూ, ఆ పంటి వాపు డాక్టరుకి చూపించారా? చాలా పెద్దదయిపోనాది."

"వాపేంటండీ?" అంది వకుళ.

అలివేలు సీసా మూత పెట్టడం ఆపేసింది. సన్యాసిరావు అలివేలును చూశాడు, వకుళను చూశాడు, కలం బల్ల మీద పడుకోబెట్టాడు.

"మీకు కనబడట్లేదామ్మా?"

వకుళ అక్క దగ్గరికి వెళ్ళింది. చూసింది. బుగ్గ నున్నగా ఉంది. దవడ ఎప్పట్లాగే ఉంది. చెయ్యి చాచి ఆ నున్నటి బుగ్గని తాకింది. వేళ్ళు కళ్ళకన్నా ముందే ఆగిపోయాయి. గాలిలో, ఏమీ లేనిచోట, గట్టిగా, వేడిగా, నిమ్మకాయంత గడ్డ తగిలింది. కళ్ళకి ఇంకా బుగ్గే కనిపిస్తోంది. ఆమె వేళ్ళు అక్క మొహానికి బెత్తెడు దూరంలో ఆగిపోయినట్టుగా, శూన్యాన్ని పట్టుకున్నట్టుగా కనిపిస్తున్నాయి.

ఆమె పూరణి తీసేసింది. మరక వచ్చి కూర్చుంది. ఇదివరకు కంటి ఆసుపత్రిలో నేర్పిన పక్కచూపు గుర్తొచ్చింది. చూడాల్సినదాన్ని చూడకుండా, దాని పక్కనున్నదాన్ని చూడాలి. పూరణి వచ్చాక ఆ విద్య అవసరం లేక మరిచిపోయింది. ఇప్పుడు అలివేలు భుజం అవతలి తలుపు గొళ్ళేన్ని చూసింది. చూపు అంచున, మసగ్గా, అక్క మొహం ఒక వైపు ఉబ్బి వంకరపోయి ఉంది.

"ఎప్పటి నుంచక్కా?"

"పోయిన వానాకాలం నుంచి చిన్నగా, గట్టిగా ఉంది." అలివేలు గొంతు మైకులో అరిగిన క్యాసెట్టులా ఉంది. "బస్టాండులో వాళ్ళూ ఈయనా అడిగితే పన్ను అన్నాను. నాకూ భయమేసేది. కానీ నువ్వు రోజూ చూస్తూనే ఉన్నావు కదే. ఎలా ఉన్నానని అడిగితే ఎప్పట్లాగే అంటున్నావు. ఎర్రసిరా చెల్లెలికి కనబడని తప్పు నాలో ఏముంటుందిలే అనుకున్నాను. నీ మాట పట్టుకుని నిద్రపోయేదాన్ని."

సన్యాసిరావు నెమ్మదిగా పెట్టె మూత వేశాడు.

"అవధానాలు చూశారా అమ్మా?" అన్నాడు. "సమస్య ఇచ్చేవాడు ఒక్క పాదమే ఇస్తాడు. తక్కిన మూడూ అవధాని కట్టి నిలబెడతాడు. వినేవాళ్ళకి పద్యం మొత్తం ఒకటే. కానీ ఆ మూడు పాదాలూ ఇచ్చినవాడివి కావు." ఆయన ఆగాడు. "నా మొహం దానికి తెలీదు కాబట్టి చూసింది. మీ అక్కగారిది బాగా తెలుసు కాబట్టి చూడ్డం మానీసింది. ఇవాళ నేనేమీ రాయలేను. ముందు ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళండి."

*

ఆసుపత్రిలో డాక్టరమ్మ చాలా తక్కువ మాటలు చెప్పింది. ఎడమ దవడ తీసెయ్యాలి. తీసేసినా భరోసా లేదు. కొన్నాళ్ళు మాట రాదు, వచ్చినా ఇదివరకటిలా రాదు. ఇంట్లో ఎవరో ఒకరు గాయాన్ని ప్రతిరోజూ జాగ్రత్తగా చూస్తుండాలి. రంగు మారినా, చీము పట్టినా, పక్కన కొత్తగా చిన్న గడ్డ లేచినా వెంటనే తీసుకురావాలి. "ఇంత ఎదిగేదాకా ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అంది చివర్లో, కోపంగా కాదు, రాసుకోవడానికి అడిగినట్టు.

ఇంట్లో వాళ్ళిద్దరే.

ఆసుపత్రిలో చేరడానికి ముందు సాయంత్రం ఇద్దరూ డాబా మీద బట్టలు తీస్తున్నారు. అలివేలు దండెం మీంచి చీర లాగుతూ ఉన్నట్టుండి అంది.

"అది తెచ్చీసుకోవే."

"ఏది?"

"నీ కళ్ళు. ఆ సన్యాసిరావుగారి దగ్గర సంతకం పెట్టి తెచ్చీసుకో."

"అదే కదక్కా ఇంతా చేసింది. అది లేకపోతే నేను ఎప్పుడో..."

"అయిందేదో అయింది." అలివేలు చీరని అవసరానికి మించి మడతలు పెడుతోంది. "దవడ కోసేశాక వీధిలో పిల్లలు నన్ను చూసి పరిగెడతారు. అద్దం తీసి పరుపు కింద పెట్టీసుకుంటాను. మైకు దగ్గర ఇంకొకత్తి కూర్చుంటుంది. ఇన్నిటి మధ్య ఒక్కచోట, ఒక్కచోటంటే ఒక్కచోట నేను ఎప్పట్లాగే ఉంటానంటే నీకేం పోయిందే? నువ్వు దాన్ని పెట్టుకుని నాకేసి చూస్తే చాలు. నీ మొహం చూసి నాకు తెలిసిపోతుంది, నేను బానే ఉన్నానని."

అక్క జీవితంలో తనని అడిగింది ఏదీ లేదు. పెళ్ళి మాట వస్తే, చూపు పోతున్న చెల్లెల్ని ఒంటరిగా వదిలేసి ఎక్కడికి పోతానని తేలిగ్గా తోసేసిన మనిషి.

"తెస్తాను," అంది.

ఆ మాట అన్నప్పుడు అబద్ధం చెబుతున్నట్టు ఆమెకు తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే పరాంకుశం ఫోన్ చేశాడు. ఆయన గొంతులో తొందర ఉంది. ఇలాంటివి ఇంకా చాలా తయారై ఉన్నాయనీ, ఈ ఒక్కటి ఏ పేరు మీద గేటు దాటితే తక్కినవన్నీ ఆ పేరు మీదే దాటుతాయనీ, ఎంతోమంది చూపులేనివాళ్ళు ఆమె సంతకం కోసం కూర్చున్నారనీ చెప్పాడు.

"అది అక్క గడ్డని నాకు చూపించలేదండీ."

అవతల ఆయన గొంతు నెమ్మదించింది. "మీ కన్ను కూడా మీకు అన్నీ చూపించదమ్మా. ఎవరి కన్నూ చూపించదు. మీకు అన్నం పెట్టే పని మీకు తిరిగి వస్తుందా లేదా? ఆ ఒక్కటీ ఆలోచించండి."

ఆయన చెప్పిందీ అబద్ధం కాదు.

*

అక్క ఆపరేషన్ రోజు పొద్దున వకుళ ఒక్కత్తే సుంకాల ఆఫీసుకి వెళ్ళేసరికి సన్యాసిరావు తన వైపు నుంచి తేల్చేశాడు. వకుళ కుర్చీలో కూర్చోగానే, ఆమె ఏమీ అడక్కుండానే చెప్పాడు.

"చాలా ఆలోచించానమ్మా. వస్తువు ఎంత బాగా పనిచేస్తుందని శాస్త్రం అడగదు. దేనికోసం చేశారని అడుగుతుంది. పొట్టిదైనా కొయ్యకాలు కొయ్యకాలే. అక్కగారి సంగతి నా మనసులో ఉంది. అయినా మీరు లోకంలో తిరగాలి కదా. లోపాన్ని పూరించు పరికరమనే రాయించాను. వాడుతున్న మనిషిగా మీ మాటే నాకు ఆధారం. చదువుకుని, నిజమనిపిస్తే సంతకం పెట్టండి. పెట్టె అక్కడే ఉంది, పెట్టుకునే చదవండి."

ఆయన మంచివాడు. ఆ మంచితనం ఎటువైపు తిరిగి పారిపోవడానికీ సందివ్వలేదు.

ఆమె పూరణి పెట్టుకుంది. కాగితం మీద అక్షరాలు తీర్చినట్టు నిలబడ్డాయి. అలవాటు కొద్దీ, ప్రెస్సులో చదివినట్టు, ఒక్కొక్క మాటా విడదీసి బయటికి చదివింది.

"ఈ వస్తువును పరిశీలించగా, ఇది ధరించినవారి లోపాన్ని పూరించు పరికరమని..."

"ఆగండి," అన్నాడు సన్యాసిరావు. కాగితం తన వైపు తిప్పుకున్నాడు. ముక్కు మీది మచ్చ దాకా నవ్వు పాకింది. "మా టైపిస్టు చూడండి ఏం కొట్టాడో. 'ప'కి బదులు 'క' కొట్టాడు. ధరించినవారి లోకాన్ని పూరించు పరికరం అంట. మీరు సరిగ్గానే చదివేశారు." జేబులోంచి కలం తీశాడు. "దిద్దేస్తానుండండి."

వకుళ మళ్ళీ చూసింది. లోపాన్ని. అంత స్పష్టంగా ఆమె జన్మలో ఏ అక్షరమూ చూడలేదు. నల్లటి ప, దాని తల మీద దీర్ఘం, పక్కనే ని, దాని కింద కుదురుగా న వత్తు. అక్కడ క ఉందని ఆయన చెబుతున్నాడు. ఉండే ఉంటుంది. నిప్పు ఉన్నట్టే, గడ్డ ఉన్నట్టే.

ఆమె కళ్ళముందు రాబోయే రోజులు ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన అక్క. పొద్దున్నే కట్టు విప్పి గాయాన్ని చూడాల్సిన తను. పూరణి పెట్టుకోకుండా ఉండగలదా? చదువుకోవడానికే వాడతాననీ, అక్కను చూసేటప్పుడు తీసేస్తాననీ తనకి తను చెప్పుకోవచ్చు. కానీ అక్క అడుగుతుంది. అడిగితే తను పెట్టుకుంటుంది. కొన్నాళ్ళకి అక్క అడగకుండానే పెట్టుకుంటుంది, ఎందుకంటే ఆ మొహం చూడ్డం తనకీ కావాలి. చీము పట్టిన చోట నున్నటి చర్మం కనిపిస్తుంది. కొత్త గడ్డ లేచినచోట ఏమీ ఉండదు. ఎలా ఉన్నానే అంటుంది. ఎప్పట్లాగే అంటుంది తను. ప్రేమగా, నిజాయితీగా, కళ్ళారా చూసి చెబుతుంది. ఆ మాట పట్టుకుని అక్క మళ్ళీ నిద్రపోతుంది.

"దిద్దకండి," అంది.

"ఏంటమ్మా?"

"టైపు సరిగ్గానే పడింది. చదివిన నేనే తప్పు చదివాను." పూరణి తీసి బల్ల మీద, కాగితం పక్కన పెట్టింది. మరక వచ్చి సన్యాసిరావు మొహాన్ని తుడిచేసింది. "ఇది నాలో లోపాన్ని పూరించడం లేదండీ. అది ఎక్కడిదక్కడే ఉంది. ఎదుటివాళ్ళలో లోపాన్ని పూరిస్తోంది. వాళ్ళకి ఏమైనా సరే నాకు మాత్రం బాగున్నట్టు చూపిస్తోంది. నేను అడిగితే ఇదే చెబుతాను. రాసుకోండి."

"అలా రాస్తే ఇది మీకు రాదు. తెలుసు కదా? మీకే కాదు, వెనకొచ్చేవాళ్ళెవరికీ రాదు."

"తెలుసు."

"ఇంటికెళ్ళి ఆలోచించుకుని రండి. నేను ఆగుతాను."

"ఇంటికెళ్తే పెడతానండీ సంతకం. అందుకే ఇప్పుడే రాసుకోండి."

మరక అవతల కలం కదిలిన చప్పుడు వినిపించింది. గరగరమని, ఒక వాక్యం పొడుగునా. వకుళ ఆ చప్పుడు ఆగేదాకా కూర్చుంది. ఆగాక కూడా లేవలేకపోయింది. తన చేతులు బల్ల మీద తడుముకుంటూ ఆ చల్లటి వస్తువు దగ్గరికి పోవడం, సన్యాసిరావు దాన్ని మెల్లగా అవతలికి జరపడం ఆమెకు తెలిసింది.

*

వార్డుకి చేరేసరికి అలివేలును బండి మీద ఆపరేషన్ గదికి తీసుకుపోతున్నారు. వకుళ బండి అంచు పట్టుకుని పక్కనే నడిచింది.

"తెచ్చావా?" అంది అలివేలు. మత్తుమందు అప్పటికే ఆమె మాటల్ని సాగదీస్తోంది.

"రాదక్కా."

"ఇవ్వనన్నాడా?"

"ఇస్తానన్నాడు. ఉన్నదేదో నేనే చెప్పేశాను. అది నిన్ను చూడదని చెప్పేశాను."

బండి చక్రం గచ్చు మీది గీత దాటి గడగడమంది. అలివేలు ఏదో అనబోయింది. ఆమె గొంతు చెల్లెలికి ఇదివరకటిలా వినిపించడం అదే ఆఖరని ఇద్దరికీ తెలుసు, అందుకే ఇద్దరూ ఆ మాట కోసం ఆగారు. తలుపులు తెరుచుకున్నాయి. లోపలివాళ్ళు వకుళ చేతిని బండి మీంచి విడదీశారు.

తరవాత ఆమె చూసినది కట్లే. తెల్లటి ముద్దలాంటి కట్లు, గొంతు దగ్గర గొట్టం, దాని బుసబుస శబ్దం. వకుళ కిటికీ చువ్వల్ని చూస్తూ, చూపు అంచుతో ఆ తెల్లదనాన్ని పట్టుకోవడానికి ప్రయత్నించింది. ఎంత ప్రయత్నించినా అంచు జారిపోయేది. ఎక్కడ దవడ ఉండాలో అక్కడ కట్టు లోపలికి కుంగి ఉంది. అది నిజంగా ఉన్న గుంటో, తన మరకో ఆమెకు తేలలేదు. నర్సమ్మ అలివేలు చేతికి పలకా సుద్దముక్కా ఇచ్చి, పక్కన కూర్చున్నది చూపులేని మనిషని గుర్తొచ్చి, మళ్ళీ తీసుకుపోయింది.

అలివేలు చెయ్యి దుప్పటి మీద వెతికింది. చెల్లెలి చెయ్యి దొరికింది. అరచేతిని విప్పి, చూపుడువేలితో రాయడం మొదలుపెట్టింది. వకుళ కళ్ళు మూసుకుంది. గోరు నెమ్మదిగా కదిలింది. ఎ. సున్న. దు. కు. కొంచెం ఆగి, ఇంకొంచెం గట్టిగా, మళ్ళీ మొదలైంది. చె. పా. వు.

ఎందుకు చెపావు.

ప కింద వత్తు లేదు. మైకులో ఏ ఊరి పేరూ తప్పు పలకని మనిషి, రాతలో మాత్రం వత్తులన్నీ మింగేసేది. అదే పలక మీద రాసి, తన కళ్ళకి పూరణి ఉంటే ఆ వత్తు దానంతటదే వచ్చి కూర్చునేది. ఉన్న మాట మాటలా, తప్పు లేకుండా, ఎవరు రాసినా ఒకేలా కనిపించేది.

అక్క వేలు అదే చోట, అదే మాటని, అదే తప్పుతో, ఇంకోసారి రాస్తోంది. వకుళ చెయ్యి లాక్కోలేదు. వేలు ఆగిపోయిన తరవాత కూడా అరచేతిని అలాగే తెరిచి ఉంచింది.